కెమెరా కంటే ముందు కాగితం



వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే చాలు, మన హాస్టళ్లలో ఇప్పుడు మొదట వినపడే మాట "ఈసారి మనం కూడా ఒక పాట వీడియో తీద్దాంరా" అనేదే. ఇదివరకు రెండు డాన్సులు, ఒక నాటిక, ఒక మిమిక్రీ ఉంటే స్టేజీ నిండిపోయేది. ఇప్పుడు చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, యూట్యూబ్ ఉంది, ఎడిటింగ్ నేర్చిన తమ్ముడు రూముకొకడు ఉన్నాడు. ఈ కోరిక మంచిదే. "చదువుకోకుండా ఇవెందుకు" అనే పెద్దల వైపు నేను లేను. కాని తీసే పద్ధతి మీద నాకొక అభిప్రాయం ఉంది. షూటింగ్ రోజు కంటే దానికి ముందు నడిచే నెల రోజులే ముఖ్యమైనవి. ఆ నెల రోజులు కూర్చుని, వాదించుకుని, రాసుకోకపోతే మనం తీసేది మన పాట అవదు. మనం చూసిన ఏదో సినిమాకు నకలు అవుతుంది.

ఎవరి పాట నిలిచింది?

మన అద్దంకికి తెలుగు సాహిత్య చరిత్రలో పెద్ద పేరుంది. క్రీ.శ. 848 నాటిదిగా చెప్పే పండరంగని శాసనం ఇక్కడిదే. దొరికినవాటిలో తొలి తెలుగు పద్య శాసనం ఇదేననీ, అందులోది తరువోజ అనీ పోటీ పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. అందులో ఏముందో ఎంతమందిమి పట్టించుకున్నాం? గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను గెలిచాడని అందులో ఉంది. గెలిచినవాడికి పద్యం రాసేవాడు దొరికాడు, రాయి చెక్కేవాడు దొరికాడు. ఓడిన బోయలు ఆ రాత్రి ఏం పాడుకున్నారో ఏ రాయి మీదా లేదు. వాళ్లకు పాటలు లేవని ఎవరూ అనలేరు. చెక్కించుకునే వీలే లేకపోయింది.

1100 ఏళ్లు దాటిపోయాయి. ఇవాళ ఆ వీలు ఒక ఫోను రూపంలో మన జేబులోకి వచ్చింది. అందుకే దీన్ని ఆషామాషీగా వాడొద్దు అంటున్నాను.

రెండు రకాల బొమ్మలు

మన హాస్టల్ గురించి బయటి కెమెరాలు ఎప్పుడొస్తాయో మనకు తెలుసు. అన్నంలో పురుగులు వచ్చినప్పుడు, పిల్లలు వాంతులతో ఆస్పత్రిలో చేరినప్పుడు, పైకప్పు పెచ్చులు ఊడినప్పుడు వస్తాయి. అది చూపించాల్సిందే, చూపించేవాళ్లకు దండం పెట్టాలి. కాని ఏళ్ల తరబడి అదొక్కటే చూపిస్తే, హాస్టల్ పిల్లలంటే జాలిపడాల్సిన పిల్లలు అనే బొమ్మ ఊరి మనసులో పడిపోతుంది.

మనం తీసుకునే వీడియోల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన బొమ్మ ఉంటుంది. ఎవరిదో బుల్లెట్ బండి, ఎవరివో నల్ల కళ్లద్దాలు, ఎవరిదో మేడ ముందు స్టైలుగా నడక. ట్రంకు పెట్టె కనపడకూడదు, మెస్ క్యూ కనపడకూడదు, అమ్మానాన్నలు అసలే కనపడకూడదు. మొదటి బొమ్మలో మనకు సంతోషం లేదు, రెండో బొమ్మలో మనకు ఇల్లే లేదు. రెండింటిలోనూ మనం లేము.

"ఏడాదంతా ఎలాగూ కష్టాలే గదన్నా, వీడియోలోనైనా హీరోల్లాగా కనపడనీ" అని ఒక తమ్ముడు నాతో వాదించాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కళ్లద్దాలు పెట్టుకోండి, చిందులేయండి, ఎవరొద్దన్నారు? నేనడిగేది ఒక్కటే. ఆ చిందు మన హాస్టల్ వరండాలో వేయండి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ప్లేట్ల మీద దరువేసి పాడుకునే సంతోషం ఏ సినిమాకూ తీసిపోదు.

ముందు పాట ఉండాలి

చాలా బృందాలు లొకేషన్‌తో మొదలుపెడతాయి. సింగరకొండ దగ్గర తీద్దామా, భవనాశి చెరువు దగ్గర తీద్దామా, గుండ్లకమ్మ దగ్గర తీద్దామా అని. పాట మాత్రం ఏదో సినిమా ట్రాక్. దీనివల్ల రెండు నష్టాలు. సినిమా పాటకు కాపీరైట్ చట్టం, 1957 కింద హక్కుదారులు ఉంటారు. యూట్యూబ్‌లో పెట్టగానే వాళ్లు దాన్ని ఆపించొచ్చు, లేదా ప్రకటనల డబ్బు వాళ్లకే పోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం, మన మాట ఒక్కటీ అందులో ఉండదు.

కాబట్టి మొదటి రెండు వారాలు పాటకే ఇవ్వండి. ఒక్కరే రాయనక్కర్లేదు. గోడకు ఒక చార్టు అంటించి, హాస్టల్ గురించి తలా ఒక వాక్యం రాయమనండి. అందులోంచి పల్లవి పుడుతుంది. రాసిందాన్ని కొట్టేసి మళ్లీ రాయడానికి సిగ్గుపడొద్దు. 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' పాటలో చాలా భాగం ఒక్క రోజులోనే వచ్చేసిందనీ, మిగిలిన కొంచెం పూర్తవడానికి ఏడాదిన్నర పైనే పట్టిందనీ చంద్రబోస్ చెప్పారు. 2021లో ఆ పాటను ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీశారు. అందరూ ఆ భవనం గురించే మాట్లాడతారు. దానికి వెనకున్న ఏడాదిన్నర గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

భవనాలు లేకపోయినా పాట నిలుస్తుందనడానికి మన దగ్గర ఇంకా మంచి సాక్ష్యం ఉంది. 1979 నాటి 'మా భూమి' సినిమాలో, తెలంగాణ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద పాడారు. అందులో సెట్టింగుల హంగు ఏమీ లేదు. ఒక గొంతు, ఒక మనిషి, ఎదురుగా జనం. నలభై ఏళ్లు దాటినా ఇంకా పాడుకుంటున్నాం.

పాట సిద్ధమయ్యాక దాన్ని ముందే శుభ్రంగా రికార్డు చేయించండి. చందాల డబ్బులో పెద్ద వాటా దీనికే పోవాలి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు గాని, మాట అర్థం కాకపోతే అరనిమిషంలో వదిలేస్తారు. డ్రోన్ కోసం అప్పు చేయకండి. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక అది ఎక్కడపడితే అక్కడ ఎగరేసేది కూడా కాదు.

లెక్క వేసుకోండి

నాలుగు నిమిషాల పాట అంటే 240 సెకన్లు. ఒక్కో షాటు సగటున 5 సెకన్లు అనుకున్నా 48 షాట్లు కావాలి. మనుషుల్ని నిలబెట్టడం, స్పీకర్‌లో పాట పెట్టడం, రెండు మూడు సార్లు తీయడం కలిపి షాటుకు 10 నిమిషాలు. మొత్తం 480 నిమిషాలు, అంటే 8 గంటలు. జనవరిలో మంచి వెలుతురు పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం మూడున్నర నుంచి ఐదున్నర దాకా, రోజుకు నాలుగున్నర గంటలు. కాబట్టి "ఒక్క ఆదివారంలో లేపేద్దాం" అనే మాట కుదరదు. రెండు ఆదివారాలు కావాలి. ఈ లెక్క ముందే వేసుకుంటే చీకటి పడేవేళ ఒకరినొకరు తిట్టుకోవడం ఉండదు.

ఒక వంద పేజీల నోటుబుక్కు కొని, పాటలో ప్రతి లైనుకు ఎదురుగా నాలుగు విషయాలు రాయండి. ఎక్కడ తీయాలి, ఎవరుండాలి, చేతిలో ఏముండాలి, ఏ పూట తీయాలి. ఆ తర్వాత ఒకే చోట తీసేవన్నీ ఒక పేజీకి చేర్చండి. పాట వరసలో తీయనక్కర్లేదు, చోటు వరసలో తీయండి. చదువు విషయం కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఫిబ్రవరి చివర షూటింగ్ పెట్టేవాళ్లను ఎవరూ సమర్థించలేరు. నవంబరులో పాట, డిసెంబరులో రికార్డింగ్, సంక్రాంతి సెలవుల తర్వాత షూటింగ్ అనుకుంటే ఎవరి చదువూ పాడవదు.

పని పంపకం కూడా రాతలోనే ఉండాలి. ఇదేమీ సినిమావాళ్లు కనిపెట్టిన విద్య కాదు. మన గుంటూరు సీమ పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, దూదేకుల ఇంటి బిడ్డ, బుర్రకథను ఊరూరా తిప్పి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథలో ముగ్గురే ఉంటారు. మధ్యన కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు. ఎవరు ఎక్కడ అందుకోవాలో, ఎవరు ఎక్కడ ఆగాలో ముందే కుదురుతుంది. మన బృందంలో కూడా కెమెరా ఎవరిది, స్పీకర్ ఎవరిది, లెక్కలు ఎవరివి, మంచినీళ్లు, భోజనాలు ఎవరివి అనేది తేలాలి. అందరూ డైరెక్టర్లయితే మంచినీళ్లు తెచ్చేవాడు ఉండడు.

చేలో అడుగుపెట్టే ముందు

మన ప్రాంతంలో తీసే పాట అంటే పత్తిచేలు, మిరప కళ్లాలు తప్పకుండా ఉంటాయి. ఎర్రగా ఆరబోసిన కళ్లం కెమెరాలో ఎంత అందంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కాని ఆ ఎరుపు కళ్లకు ఒకలా ఉంటుంది, చేతులకు ఇంకోలా ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిని నేను. మా అమ్మ మిరప కోతలకు పోయి వచ్చిన రాత్రి అన్నం కలపడానికి ఎంత ఇబ్బంది పడేదో నాకు తెలుసు. ఒకసారి ఫోన్లో ఎవరో తీసిన పల్లె పాట చూపిస్తే, అమ్మ పాట వినలేదు. "ఆ పిల్ల తొడిమ లేకుండా కాయ పీకుతుందిరా, మేస్త్రి చూస్తే ఊరుకుంటాడా?" అంది. తొడిమ ఊడితే సరుకు విలువ పడిపోతుందని ఆ పాట తీసినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. మనకు తెలుసు. మన ఇళ్లలో తెలిసినవాళ్లు ఉన్నారు. చేనులో తీసే షాట్లకు డైరెక్టర్ ఎవరో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి. కూలీల మధ్యకు వెళ్లి "అక్కా, ఒక్కసారి ఇటు నడువు, మళ్లీ నడువు" అని నాలుగు టేకులు అడిగితే, వాళ్లకు పోయేది అరగంట. కిలోల లెక్కన కోసేచోట ఆ అరగంట నేరుగా కూలీలోంచే పోతుంది. ముందురోజే వెళ్లి రైతునూ, మేస్త్రినీ, ఆ అమ్మలనూ అడగండి. బువ్వకు కూర్చున్న వేళ తీసుకోండి. లేదా వాళ్లు పని చేసుకుంటుంటే దూరం నుంచి, వాళ్లకు తెలిసేలా తీయండి. తీసింది అక్కడే చూపించండి. వద్దన్న బొమ్మ అక్కడే చెరిపేయండి. వాళ్లు మన తల్లులే. వాళ్ల కూలి పోగొట్టి వాళ్ల మీద పాట తీస్తే ఆ పాటకు విలువేముంది?

ముఖం ఎవరిదో నిర్ణయం వాళ్లది

హాస్టల్లో ఉండేవాళ్లలో ఎక్కువమంది 18 ఏళ్లు నిండనివాళ్లు. వార్డెన్ గారి అనుమతి ఒక్కటే చాలదు, ఇంటి నుంచి కూడా అనుమతి ఉండాలి. అంతకు మించి ఆ పిల్లవాడి ఇష్టం ఉండాలి. బయటి కాలేజీలో చదివే కొందరు తాము సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటున్నామని క్లాసులో చెప్పరు. వాళ్లను పిరికివాళ్లని తీసిపారేయకండి. అడ్రసు తెలియగానే పలకరింపు మారిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు వాళ్లది. నోటుబుక్కులో ఒక పేజీ దీనికి వదలండి. కనపడతామన్నవాళ్లు సంతకం పెడతారు. వద్దన్నవాళ్లను ఎందుకని అడగొద్దు. వాళ్లు దరువు వేస్తారు, కోరస్ పాడతారు, ఎడిటింగ్ చేస్తారు. ఆడపిల్లల హాస్టళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఒకసారి నెట్‌లోకి వెళ్లిన ముఖం ఎవరి ఫోన్లోకి చేరుతుందో మన చేతిలో ఉండదు.

నీళ్ల దగ్గర కూడా హద్దు ముందే గీసుకోండి. గుండ్లకమ్మలోకి దిగి, కాలువ గట్టు అంచున నిలబడి తీసే షాటు ఏ పాటకూ అవసరం లేదు. హైవే మీద అసలు వద్దు. కొండ మీద తీయాలంటే దేవస్థానం వాళ్లను ముందే అడగండి.

చివరిగా

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుని వెళుతున్నారు. సంతోషమే. ఈసారి ఒక రికార్డింగ్ ఖర్చు భరించండి, ఒక హార్డ్‌డిస్క్ కొనివ్వండి. గత ఏళ్లలో తీసిన వీడియోలు ఎన్నో ఎవరి ఫోనుతోనో పాడైపోయాయి, ఎవరి పాస్‌వర్డ్‌తోనో మరుగునపడ్డాయి. ప్రతి ఏటి పాట, దాని నోటుబుక్కు హాస్టల్ లైబ్రరీలో ఉండాలి. పదేళ్ల తర్వాత వచ్చే ఆరో తరగతి పిల్లవాడు వాటిని చూసి "మా కంటే ముందు ఇక్కడ వీళ్లున్నారు" అనుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వీడియో చివర్లో పేర్లు వేసేటప్పుడు మన కుక్, కామాటి, వాచ్‌మన్ పేర్లు మరిచిపోకండి. తెల్లారుజామున షూటింగుకు మీరు లేచేసరికి మీకోసం టీ పెట్టి ఉండేది వాళ్లే. వ్యూస్ ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోవడం తర్వాత. ముందు ఆ పాటను మీ ఇంట్లో కూర్చోబెట్టి చూపించండి. మీ అమ్మ "ఇది మనమే" అంటే మీ నెల రోజుల కష్టం ఫలించినట్టే. ఈ ఆదివారం కెమెరా అద్దెకు చందాలు వసూలు చేయకండి. ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు కొనండి. వరండాలో చాప పరిచి అందరూ కూర్చోండి.

– ఎం.ఏ. చదువుతున్న ఒక పూర్వ విద్యార్థి, అద్దంకి