చెప్పేది ఒకరు, రాసేది ఇంకొకరు

విజయవాడ పత్రికల ఊరు. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే మొదలయ్యాయి. వన్ టౌన్ సందుల్లో తిరిగినవాళ్ళకి అచ్చు సిరా వాసన కొత్త కాదు. మరి ఇంత అచ్చు జరిగిన ఊళ్ళో, తన పేట మీద జరిగిన దాడిని తన పత్రికలో తానే సంపాదకీయంగా రాసిన దళిత స్త్రీ ఎవరని అడిగితే మనకి ఎవరి పేరు గుర్తొస్తుంది? 1996లో ఢిల్లీలో ఒక విదేశీ విలేకరి, తనకి ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుందని బి.ఎన్. ఉనియాల్‌ను అడిగాడు. ఉనియాల్ తెలిసిన చోటల్లా వెతికాడు. ఒక్కరూ దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశాడు. ఆ విలేకరి అడిగింది దళిత జర్నలిస్టు గురించే, దళిత స్త్రీ సంగతి దాకా పోనే లేదు.

అంతకు వందేళ్ళ ముందే అమెరికాలో ఐడా బి. వెల్స్ ఆ పని చేసింది. 1862లో మిసిసిపీ రాష్ట్రంలో బానిస తల్లిదండ్రులకి పుట్టింది. పదహారేళ్ళ వయసులో పచ్చజ్వరం ఆమె తల్లినీ తండ్రినీ తీసుకుపోతే, పంతులమ్మ ఉద్యోగం చేసి తోబుట్టువుల్ని సాకింది. రైల్లో ఆడవాళ్ళ పెట్టెకి టిక్కెట్టు కొని కూర్చున్నా, నల్లదానివి కాబట్టి దిగి వేరే పెట్టెలోకి పొమ్మన్నారు. లేవలేదు. లాగబోయిన కండక్టరు చెయ్యి కొరికింది. 1884లో రైల్వే కంపెనీ మీద దావా గెలిచి 500 డాలర్ల పరిహారం తెచ్చుకుంటే, 1887లో పైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఆ తర్వాత మెంఫిస్ పట్టణంలో 'ఫ్రీ స్పీచ్' అనే పత్రికలో భాగస్వామి అయింది. నల్లపిల్లల బడులు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో అందులో రాసినందుకు 1891లో టీచరు ఉద్యోగం పోయింది.

1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌నీ, మరో ఇద్దరినీ తెల్లవాళ్ళ గుంపు జైల్లోంచి లాక్కుపోయి కాల్చి చంపింది. వాళ్ళ నేరమల్లా తెల్లవాడి కొట్టుకి పోటీగా కిరాణా కొట్టు నడపడమే. అప్పటిదాకా దక్షిణాదిలో ఇలాంటి ప్రతి హత్యకీ ఒకటే కారణం చెప్పేవారు: నల్లవాడు తెల్ల స్త్రీ మీద అత్యాచారం చేశాడని. ఐడా ఊరూరా తిరిగి ఒక్కో కేసూ తవ్వింది. చాలా కేసుల్లో ఆ ఆరోపణే లేదు. ఉన్న కొన్నిట్లో ఇద్దరూ ఇష్టపడి కలిసినవారే. ఈ మాట మే నెలలో పత్రికలో అచ్చయ్యేసరికి, ఆమె ఊళ్ళో లేని సమయం చూసి గుంపు ప్రెస్సుని ధ్వంసం చేసింది. తిరిగొస్తే ప్రాణాలు దక్కవని కబురొచ్చింది. ఆమె న్యూయార్కులోనే ఉండిపోయి మళ్ళీ రాసింది. 1895లో వేసిన 'ఎ రెడ్ రికార్డ్' పుస్తకంలో తెల్లవాళ్ళ పత్రిక 'చికాగో ట్రిబ్యూన్' ప్రకటించిన లెక్కల్నే వాడుకుంది. చనిపోయినవాళ్ళ పేర్లు, తేదీలు, ఊళ్ళు, చెప్పిన కారణాలు. ఆమె కల్పించిందని ఎవరూ అనలేని లెక్క అది.

మన వైపు చూద్దాం. 1985 జూలై 16న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ళ చెరువుని అగ్రకుల యువకులు పాడు చేస్తుంటే కత్తి చంద్రయ్య అడ్డం చెప్పాడు. అతన్ని కొట్టబోతుంటే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాటి దాడిలో ఆరుగురు చనిపోయారు. కారంచేడు గురించి ఎన్ని వ్యాసాలు, ఎన్ని కరపత్రాలు, ఎన్ని పాటలు! సువార్త బిందె అన్నిటా ఉంది. సువార్త సొంత కథనం ఎన్నిట్లో ఉంది?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడం దళితులు పోరాడి సాధించిన విజయం. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందట. పొలాల్లో తరుముతుంటే పరిగెత్తినవాళ్ళు గడియారం చూసుకోలేదన్నమాట! ఆనాటి రాతలో దొర్లిన ప్రతి లోపమూ ఇరవై రెండేళ్ళ తర్వాత నిందితుల పక్షాన నిలబడింది.

తెలుగు నేల మీద ఐడా దారికి దగ్గరగా నడిచినవాళ్ళు డెల్టాలో కాదు, జహీరాబాద్ మెట్టచేలల్లో కనిపిస్తారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, అక్షరం రాని కూలీలు, 1990ల్లో వీడియో కెమెరా పట్టారు. షాట్లకి వాళ్ళు పెట్టుకున్న పేర్లు ఏ ఫిల్ము స్కూలు పుస్తకంలోనూ దొరకవు. పైనుంచి కిందికి తీస్తే పటేల్ షాట్, దొర కూలిని చూసినట్టు. కిందినుంచి పైకి తీస్తే బానిస షాట్. ఎదుటి మనిషి కళ్ళకి సమంగా కెమెరా పెడితే సంఘం షాట్. (మన డెల్టాలో అయితే మొదటిదాన్ని ఆసామి షాట్ అనాలేమో.) 2002లో వరంగల్ చేలల్లోకి బీటీ పత్తి దిగినప్పుడు, కంపెనీ ప్రకటనలు దిగుబడుల గురించి ఊదరగొడుతుంటే, వీళ్ళు రైతుల ఎదుట సంఘం షాట్ పెట్టి నష్టాల లెక్క చెప్పించారు.

రేడియో మాత్రం వాళ్ళకి అంత తేలిగ్గా రాలేదు. యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో కట్టుకున్నా, ప్రసారానికి అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజలంటే మాచునూరు ఆడకూలీలు కూడా అని ప్రభుత్వానికి అర్థం కావడానికి మరో పదేళ్ళు పైనే పట్టింది. ఈలోగా క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించింది 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. వాళ్ళ యాసలో, వాళ్ళ పంటల గురించి, వాళ్ళ ఇళ్ళ సంగతులు.

ఇక మన సంగతి. 1913లో వాషింగ్టన్‌లో ఓటు హక్కు కోసం స్త్రీలు ఊరేగింపు తీస్తే, దక్షిణాది తెల్లవాళ్ళు నొచ్చుకుంటారని నల్లస్త్రీల్ని వెనక నడవమన్నారు. ఐడా వెనక నడవలేదు. దారి పక్క జనంలోంచి వచ్చి తన రాష్ట్రం వరసలోనే కలిసి నడిచింది. మన ఊరేగింపుల్లో అలా ఎవరూ అనరు. కానీ మన స్వచ్ఛంద సంస్థల్లో పని ఎలా సాగుతోందో ఒకసారి చూసుకోండి. పేటకి వెళ్ళేది ఫీల్డు కార్యకర్త, చాలాసార్లు అదే పేట అమ్మాయి. స్టేషన్ దగ్గర రాత్రి దాకా కూర్చునేది ఆమె. రిపోర్టు రాసేది కోఆర్డినేటరు, ఇంగ్లీషులో. నిధులిచ్చేవాళ్ళకి పోయే ఆ కాగితం ఆమెకి చదివి వినిపించినవాళ్ళు ఎంతమంది? నోటితో ఇచ్చిన ఫిర్యాదుని రాసి, సంతకానికి ముందు చదివి వినిపించాలని అత్యాచార నిరోధక చట్టం 2016 జనవరి నుంచి పోలీసులకే విధి చేసింది. పోలీసుల్ని అడుగుతున్నది మన ఆఫీసులో ఎందుకు జరగదు? టైము లేదు, భాష బాగుండదు, డోనరుకి అర్థం కాదు అంటారు. సెక్రటేరియట్‌లో దొరలు చెప్పే సాకులకీ వీటికీ తేడా పెద్దగా లేదు.

అందుకని వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో నాలుగు పేజీలు పేటల నుంచి నేరుగా రాసేవాళ్ళకి వదులుతున్నాం. తేదీ, సమయం, ఊరు, చూసినవాళ్ళు, ఆ రోజు స్టేషన్‌లో ఎవరు ఏమన్నారు, ఇవి తప్పకుండా ఉండాలి. చేతిరాత ఎలా ఉన్నా ఫరవాలేదు. రాయడం రాకపోతే ఫోన్‌లో రికార్డు చేసి పంపండి, అక్షరం మార్చకుండా ఎత్తి రాస్తాం. అచ్చుకి వెళ్ళేముందు ఫోన్ చేసి చదివి వినిపిస్తాం. పేరు వేయమంటే వేస్తాం, వద్దంటే వేయం. మొదటి విడత రాతలు నెలాఖరులోగా అందాలి.