కొత్త బండికి టైర్లు మార్చాలా? ముందు గాలి చూద్దాం



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు పోస్టు పెట్టాడు. కొత్త బండి తీసుకున్న రోజే కంపెనీ టైర్లు పీకించేసి లావు టైర్లు వేయించుకోండి, ప్రాణం కంటే ఎనిమిది వేలు ఎక్కువా అని. దాని కింద చాలామంది లైకులు కొట్టారు. ఆ తమ్ముడి మీద మాకు కోపం లేదు. వాళ్ళింట్లో కుర్రాడు వంతెన మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, ఆ బాధతో రాశాడు. కానీ ఆ మాట విని మన వాళ్ళలో ఇద్దరు అప్పుచేసి టైర్లు మార్పించడానికి సిద్ధమయ్యారని తెలిసి మేము ఇది రాస్తున్నాం. మా ఇంట్లో ఇదే గొడవ రెండు నెలలు నడిచింది.

మా అక్క మనవడికి కాకినాడలో ఉద్యోగం. బస్సు కుదరక బండి కొన్నాడు. ముందు డబ్బు అక్క పింఛనులోంచి ఇచ్చింది, మిగతాది వాయిదాలు. బండి వచ్చిన పది రోజులకి వాన పడింది. కోరంగి దగ్గర ఆటో అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు, వెనక చక్రం పక్కకి జారింది. పడలేదు, కానీ భయపడ్డాడు. ఇంటికొచ్చి హెల్మెట్టు కూడా తీయకుండా "తాతయ్యా, ఈ టైర్లు పనికిరావు, 120 వేయించాలి" అన్నాడు. మా అక్క వెంటనే పాసుపుస్తకం తీసింది. ఆగమ్మా అన్నాం. ఆవిడ మా మీద నాలుగు రోజులు మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే, బండి ఇంకా కదలకముందు, గేజి పెట్టి గాలి చూశాం. బండి మీద అంటించిన స్టిక్కర్లో ముందు 25, వెనక 29 అని ఉంది. గేజిలో ముందు 38, వెనక 42 వచ్చింది! కొత్త బళ్ళు లారీలో కట్టుకుని వస్తాయి, గోడౌనులో వారాలు నిలబడతాయి. టైరు కూర్చుండిపోకుండా గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు. బండి చేతికిచ్చే రోజు దాన్ని తగ్గించాలి. ఆ షోరూములో దండ వేశారు, నిమ్మకాయలు తొక్కించారు, ఫోటో తీశారు, గాలి మాత్రం చూడలేదు. రాయిలా బిగుసుకున్న టైరు రోడ్డుకి బొటనవేలంత జాగాలోనే ఆనుతుంది. ఇక తడి రోడ్డు మీద ఏం పట్టుకుంటుంది? పైగా కొత్త టైరు పైపొర నున్నగా, మెరుస్తూ ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా నడిపితేనే ఆ నునుపు పోయి రబ్బరు గరుకుదేలుతుంది. మావాడు పది రోజుల్లోనే అరవై డెబ్బైల స్పీడులో వెళ్ళొస్తున్నాడు.

ఇంకోటి బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే బళ్ళకి 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపు వాటికి సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. చాలా బళ్ళకి ఆ ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది. వెనక చక్రానికి ఉండదు. మావాడిదీ అంతే. పాత స్కూటరు అలవాటు కొద్దీ కాలిబ్రేకు మీద నిలబడ్డాడు, వెనక చక్రం లాక్ అయి ఈడ్చుకుపోయింది. అప్పుడు దాని కింద ఏ టైరున్నా జారేది. టైరుని తిడుతున్నాం కానీ కాలిని తిట్టడం లేదు.

మేము రైల్వేలో ఉన్న రోజుల్లో ఇంజన్లకి ఇసుక డబ్బాలు చూసేవాళ్ళం, ఇప్పుడూ ఉంటాయి. పట్టాలు తడిసినప్పుడు చక్రం తిరుగుతుంది, బండి కదలదు. డ్రైవరు చక్రం ముందు ఇసుక వదులుతాడు, మెల్లగా పవరిస్తాడు. వాన పడిందని ఎవరూ చక్రాలు మార్చరు. మన మోటారు సైకిలుకి ఇసుక డబ్బా లేదు, మెల్లగా వెళ్ళడం ఒక్కటే ఉంది.

తమ్ముడు చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. బండి కంపెనీ టైరు ఎంచుకునేటప్పుడు మైలేజీ చూస్తుంది, ఎక్కువ కిలోమీటర్లు రావాలని చూస్తుంది, ఖరీదు చూస్తుంది. అందుకని రబ్బరు కాస్త గట్టిది పడుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది, తడిలో పట్టు తక్కువ. మెత్త రబ్బరు పట్టుకుంటుంది, తొందరగా అరిగిపోతుంది. ఇది ఒప్పుకోవాలి. అయితే మెత్త రబ్బరు వేరు, లావు టైరు వేరు. మన కుర్రాళ్ళు అడిగేది లావు టైరు, వెనకనుంచి చూస్తే పెద్ద బండిలా కనపడాలని.

దాని లెక్క చూద్దాం. మేము అరవం బడిలో చదువుకున్నవాళ్ళం, ఎక్కాలు ఇప్పటికీ అరవంలోనే వస్తాయి, కానీ లెక్క ఏ భాషలోనైనా ఒకటే. మావాడి వెనక టైరు 100/90-18. అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, అంటే 90. రిమ్ము 18 అంగుళాలు. వాడు అడిగింది 120/80-18. వెడల్పు 20 పెరిగింది, ఎత్తు 96 అయింది. చక్రం మొత్తం మీద 12 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. ఆ మేరకు ఇంజను లాగుడు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. రిమ్ము మాత్రం పాతదే, సన్నది. సన్న రిమ్ములో లావు టైరు కూర్చోబెడితే అంచులు లోపలికి నొక్కుకుని మధ్యభాగం ఉబ్బుతుంది. రోడ్డుకి ఆనే జాగా అనుకున్నంత పెరగదు. కొన్ని బళ్ళలో చెయినుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది కూడా. పార్సిల్ ఆఫీసులో అలా ఒకపక్క కోసుకుపోయిన టైర్లున్న బళ్ళు ఎన్నో బుక్ చేశాం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది, కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇష్టం వచ్చినట్టు మార్పులు చేయకూడదని. యాక్సిడెంటు జరిగాక ఇన్సూరెన్సు వాళ్ళతో ఆ వాదన పెట్టుకునే ఓపిక మనకుందా?

కాబట్టి మార్చినా అదే సైజు మార్చాలి. సైజు పక్కన 56P లాంటి అంకె, అక్షరం ఉంటాయి. 56 అంటే ఆ టైరు మోసే బరువు 224 కిలోలు, P అంటే గంటకి 150 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. వాటి కంటే తక్కువ ఉన్న టైరు చవగ్గా వస్తోందని వేయించకండి. పాలక్యాన్లు, చేపల పెట్టెలు కట్టుకు తిరిగేవాళ్ళు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు, వాళ్ళు మరీ చూసుకోవాలి.

కొత్త బండికే టైరు మార్చాల్సినవాళ్ళు ఉన్నారా అంటే, ఉన్నారు. చెరువుల మీద పనిచేసేవాళ్ళు. రోజూ తెల్లారగట్ల మేత వేయడానికి రొయ్యల చెరువు గట్ల మీద బండి నడిపేవాడికి కంపెనీ వేసిన రోడ్డు టైరు చాలదు. ఆ జిగట బురద టైరు గాళ్ళలో నిండిపోతే గుండు టైరుతో సమానం. వాళ్ళు వెనక్కి దిమ్మల టైరు, అదే సైజులో, మొదటి నెలలోనే వేయించుకున్నా మేము తప్పనం. ఆ టైరు తారు రోడ్డు మీద కాస్త మోత చేస్తుంది, మలుపులో కాస్త తేడాగా ఉంటుంది, అది తెలిసి నడపాలి. అలాగే షోరూములో ఏళ్ళ తరబడి నిలబడిపోయిన బండి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. వ్యాగన్ల మీద ఓవర్‌హాలింగు తేదీ రాసినట్టే ఇది. బండి తీసుకునే రోజు టార్చి వేసి చూడండి. మూడేళ్ళు దాటిన అంకె కనపడితే, పక్కల్లో జుట్టు వెంట్రుకల్లాంటి బీటలుంటే, డబ్బు కట్టకముందే అక్కడే అడగండి. తర్వాత అడిగితే టైరు మా కంపెనీది కాదు, టైరు కంపెనీని అడగండి అంటారు. బండి వారంటీ వేరు, టైరు వారంటీ వేరు.

మిగతావాళ్ళకి, అంటే యానాం నుంచి కాకినాడకో, ఎదుర్లంక మీదుగా అమలాపురానికో తారు రోడ్డున వెళ్ళొచ్చేవాళ్ళకి, కంపెనీ టైరు అరిగేదాకా వాడుకోవచ్చని మా అభిప్రాయం. మన రోడ్ల మీద మనవాళ్ళు ఎక్కడ పడ్డారో గుర్తు చేసుకోండి. చేపల వ్యాను నీళ్ళు కారుస్తూ వెళ్ళిన చోట. కోతల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట. ట్రాక్టరు బురద రాల్చిన చోట. వాన మొదలైన పావుగంటలో, దుమ్మూ నూనే కలిసి తేలినప్పుడు. బాలయోగి వారధి మీద ఇనప జాయింట్ల దగ్గర. అక్కడ ఎనిమిది వేల టైరూ జారుతుంది. తమ్ముడికి నొప్పి కలిగితే మన్నించాలి, వాళ్ళ కుర్రాడు పడిన బండికి ఉన్నది లావు టైరే. సెకండ్‌హ్యాండులో కొన్నది, మధ్యలో పూర్తిగా అరిగిపోయింది. చట్టం ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి లోపల చిన్న దిమ్మలు ఉంటాయి, టైరు వాటితో సమానంగా అరిగిందంటే పని అయిపోయినట్టే. దానిక్కూడా గేజి అక్కర్లేదు, గోరు చాలు.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాం. గాలి 25, 29కి దించాం. ముందు బ్రేకూ వెనక బ్రేకూ కలిపి పట్టుకోవడం పాత మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో రెండు ఆదివారాలు నేర్పించాం, మేము అరుగు మీద కూర్చుని. తర్వాత వానల్లో బండి ఒకటి రెండుసార్లు కాస్త కదిలింది కానీ ఈడ్చుకుపోలేదు. ఈ టైరు దిమ్మలదాకా అరిగాక అదే సైజులో మెత్త రబ్బరు టైరు వేయిద్దామని ఒప్పందం. దానికి అక్క ఒప్పుకుంది, ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టింది. అందులోంచి ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్టు ఒకటి కొనిచ్చింది, పాతది తాడు తెగిపోయింది కనక.

పెట్రోలు మన ఊళ్ళో చవకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మన బంకుల్లో బారులు తీరతారు. పక్కనే గాలి గొట్టం ఖాళీగా వేలాడుతుంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి సంఘం ఆఫీసు దగ్గర మేము గేజి పట్టుకుని ఉంటాం. టైర్లు మార్పించుకుందామనుకున్న ఆ ఇద్దరూ బళ్ళు ఎండెక్కకముందే, వీలైతే నెట్టుకుంటూ, తీసుకురండి. టైరు వేడెక్కితే లెక్క తప్పుతుంది.