ఇంటి కోళ్లకు ఇంటి రాగులు



తరతరములుగా బెంగళూరున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కొందరికి హొసకోట, ఆనేకల్లు వైపుల ఎకరమో రెండెకరములో మెట్ట నేటికిని మిగిలియున్నది. మా తాతగారి నాడు అందు రాగులును, నడిమి సాళ్లలో అనుములును పండెడివి. కళ్లమే కోళ్లకు అన్నసత్రము. ఇప్పుడు పలువురు నేలను బీడు పెట్టి, సంచి దాణా కొనుచున్నారు. నేనును కొంటిని. 2023 తరువాత మొక్కజొన్నకు ఎథనాలు కర్మాగారములు గట్టి పోటీకి రాగా, ఇక లాభము లేదని తిరిగి రాగులు చల్లితిని.

పెట్ట రోజునకు సుమారు 110 గ్రాములు తినును. ఇరువది పెట్టలకు ఏడాదికి ఎనిమిది క్వింటాళ్లు. వాన కుదిరిన ఏట మా ఎకరమున అంతయు రాలినది. అయితే రాగులే వేసి మోసపోతిని. గ్రుడ్లు సగమైనవి! రాగులలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్లే. పెట్టకు పదునారైనను కావలెను. వేరుసెనగ చెక్క కలుపగా కుదుటపడినది. (బూజుపట్టిన చెక్క విషమే సుమా.) రాగులలోని సున్నము పెంకునకు చాలునను మాటయు నమ్మరాదు, గుల్లపొడి వేయవలసినదే. పచ్చసొన పాలిపోయినదని ఇంట సణుగుడు. మునగాకుతో అదియు తీరినది.

గిరిరాజ కోడిని మనకిచ్చిన హెబ్బాళ పశువైద్య కళాశాలవారు, రాగులతో దాణా కలుపు పాళ్లను కన్నడమునను తెలుగునను కరపత్రముగా వేసి పంచిన, నావలె ఒక ఏడు గ్రుడ్లు పోగొట్టుకొననక్కరలేదు.

— ఒక పాఠకుడు, బెంగళూరు