పరాయి ఊళ్ళో వారం రోజుల ఇల్లు

ఫ్రాన్సు వెళ్ళడానికి సిద్ధపడుతున్న ఒక సోదరి గుంటూరు నుండి మాకు ఉత్తరం రాశారు. కుమారుడు లియోన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతనుండేది ఒక్క గదిలో. చూడడానికి వెళ్ళేది ఐదుగురు: తల్లిదండ్రులు, నాయనమ్మ, చెల్లెలు, చెల్లెలి బిడ్డ. "హోటల్లో మూడు గదులు తీసుకునే శక్తి మాకు లేదు. వారానికి ఇల్లు అద్దెకిస్తారంటున్నారు, నమ్మవచ్చా? మా వారికి షుగరు. వేళకు భోజనం పడకపోతే కళ్ళు తిరుగుతాయి. అక్కడ బయట తినడం ఎలా?" అని ఆమె అడిగారు. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలు మన సంఘాల్లో ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. ఇటువంటి ప్రశ్నలు ఇంకా కొన్ని వచ్చాయి గనుక ఈ నెల ఈ శీర్షికను దీనికే కేటాయిస్తున్నాం. మేము కూడా ఇద్దరు పిల్లలతోను, పిల్లల నాయనమ్మతోను లియోన్‌లో ఒక వారం అద్దె ఇంట్లో ఉన్నాం.

ముందుగా ఇంటి సంగతి. నమ్మవచ్చు, అయితే కాగితం చూసి నమ్మాలి. ప్రయాణికులకు సామానుతో సహా అద్దెకిచ్చే ఇళ్ళను ఆ దేశంలో 'మబ్లే ద తూరిస్మ్' అంటారు. యజమాని కోరితే ప్రభుత్వ పద్ధతి ప్రకారం ఇంటిని పరీక్షించి 1 నుండి 5 వరకు నక్షత్రాలిస్తారు. ఆ గుర్తింపు ఐదేళ్ళు చెల్లుతుంది. పల్లెటూళ్ళలో ఇళ్ళు కావాలనుకునేవారికి 'జీత్ ద ఫ్రాన్స్' అనే సంఘం ఉంది. 1955 నుండి పనిచేస్తున్న ఆ సంఘంవారు నక్షత్రాలకు బదులు గోధుమ వెన్నులు ఇస్తారు. మన దేశంలో రైతు ఇంట్లో వారం రోజులుంటామంటే నవ్వుతారేమో గాని, అక్కడ అది గౌరవమైన సెలవు.

పారిస్, లియోన్ వంటి నగరాల్లో ఇలా అద్దెకిచ్చే ఇంటికి నమోదు సంఖ్య ఉండాలి. ప్రకటనలో ఆ సంఖ్య కనబడకపోతే ఆ ఇంటి జోలికి పోవద్దని మా సలహా. పారిస్‌లో తాను కాపురముండే ఇంటినే అద్దెకిచ్చే యజమాని ఏడాదికి 120 రోజులు ఇవ్వవచ్చని పూర్వం ఉండేది. 2024 నవంబరులో వచ్చిన కొత్త చట్టం తర్వాత, 2025 నుండి దాన్ని 90 రోజులకు తగ్గించారు. ఇళ్ళన్నీ ప్రయాణికులకే పోతే ఊళ్ళో పనిచేసుకునేవాళ్ళు ఎక్కడ ఉంటారన్నది అక్కడివారి బాధ. అది న్యాయమైన బాధే. నాలుగు రోజులుండి పోయే మనం ఆ నిబంధన పాటించే ఇంటినే వెతుక్కోవడం ఉచితం.

డబ్బు కట్టేముందు ఒప్పందంలో ఒక్క మాట చూడండి. ముందుగా కట్టే సొమ్మును 'ఆర్' అని రాశారా, 'అకోంత్' అని రాశారా? రెండూ మన భాషలో అడ్వాన్సే. కాని 'ఆర్' అయితే, మనం మానుకుంటే ఆ సొమ్ము పోతుంది, యజమాని మానుకుంటే రెట్టింపు తిరిగి ఇవ్వాలి. 'అకోంత్' అయితే ఇద్దరూ కట్టుబడినట్టే. మనం వెళ్ళకపోయినా మొత్తం అద్దె అడిగే హక్కు అతనికుంటుంది. వీసా చేతికి రాకముందే బస చూపమంటారు గనుక, వీసా రాకపోతే డబ్బు తిరిగివచ్చే షరతు ఉన్న ఇంటినే తీసుకోవడం క్షేమం. వెబ్‌సైటు ద్వారా కాకుండా నేరుగా నా ఖాతాకు పంపండి, తగ్గిస్తాను అని ఎవరైనా అంటే అక్కడితో ఆ మాట ముగించండి. మోసాలన్నీ ఆ తగ్గింపులోనే ఉన్నాయి. అద్దె కాక, ఇల్లు శుభ్రం చేసే రుసుము, దుప్పట్లు తువ్వాళ్ళకు అద్దె, మనిషికి రాత్రికి ఇంతని ఊరి పన్ను విడిగా ఉండవచ్చు. ఆ పన్ను 18 ఏళ్ళు నిండని పిల్లలకు లేదు. ఇవన్నీ కలిపి చూసుకున్నాకే హోటలుతో పోల్చాలి. జూలై, ఆగస్టు నెలల్లో సముద్రతీరాన, కొండ ప్రాంతాల్లో శనివారం నుండి శనివారం వరకే ఇస్తారు. నగరాల్లో ఆ పట్టింపు తక్కువ.

ప్రకటనల్లో 'రెండు పియెస్' అని ఉంటే రెండు పడకగదులని అర్థం కాదు. ముందుగది ఒకటి, పడకగది ఒకటి. వంటగది, స్నానాలగది లెక్కలోకి రావు. అంతస్తుల లెక్క మాత్రం మన లెక్కే: నేల అంతస్తును వదిలి ఆపైన ఒకటి. మూడో అంతస్తు అంటే మూడు వరసల మెట్లు. పాత భవనాల్లో లిఫ్టు లేనివి చాలా ఉన్నాయి. నాయనమ్మగారి మోకాళ్ళ సంగతి రాశారు గనుక, ఫొటోలో కిటికీ అందం చూడకుండా లిఫ్టు ఉందా అని ముందు అడగండి.

మేము మొదటి అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. అది క్రువా రూస్ అనే గుట్టమీద పేట. పళ్ళచక్రం సాయంతో ఎక్కే మెట్రో రైలు ఆ గుట్టమీదికి వెళుతుంది. ఇంట్లో అడుగుపెట్టగానే పిల్లలు పైకి చూసి, ఇది ఇల్లా, గుడారమా అన్నారు. పైకప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు ఆ పేట అంతా పట్టు నేతగాళ్ళది. మగ్గం పట్టడానికే అంత ఎత్తు కట్టారు. మన ధర్మవరంలో పట్టుచీరల అంచులు నేసే జకార్డు ఉన్నదే, ఆ పేరు లియోన్‌లో 1752లో పుట్టిన జోసఫ్ మరీ జకార్డుది. కూలి గిట్టక 1831లోను, 1834లోను ఆ నేతగాళ్ళు తిరగబడ్డారు. సైన్యం వచ్చి అణచివేసింది. మగ్గాలు పోయాయి. ఆ ఎత్తైన గదుల్లో చెక్కతో అటక కట్టి ఇప్పుడు పిల్లల పడకలు వేస్తున్నారు. మా పిల్లలు దిగమంటే దిగేవారు కాదు.

వంటగది ఉండడమే అద్దె ఇంటి లాభమంతా. పొయ్యి చాలాచోట్ల ఇండక్షన్‌ది. మన అల్యూమినియం కుక్కరు దానిమీద వేడెక్కదు, స్టీలుదే తీసుకువెళ్ళాలి. కరెంటు మనలాగే 230 వోల్టులు. సన్నని రెండు పుల్లల ప్లగ్గు పడుతుంది, మన మూడు పుల్లలది పట్టదు. ఇక సామాను. ఐరోపా దేశాల్లోకి బయటినుంచి మాంసం, పాల వస్తువులు తేకూడదు. అంటే మాంసం పచ్చడి, నెయ్యి, కోవా, నేతితో చేసిన పూతరేకులు ఇంట్లోనే విడిచిపెట్టండి. విమానాశ్రయంలో తీసి పారవేస్తుంటే చూడలేం. గోంగూర, ఆవకాయ పచ్చళ్ళకు ఆ అభ్యంతరం లేదు. చేతిసంచిలో కాక పెద్ద పెట్టెలో పెట్టాలి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. బియ్యం, అల్లం, పచ్చిమిరపకాయల కోసం లియోన్‌లో గియోతియేర్ పేటలోని ఆసియా దుకాణాలకు, పారిస్‌లో లా షాపెల్ దగ్గరున్న శ్రీలంక తమిళుల దుకాణాలకు వెళ్ళవచ్చు. మరొక సంగతి: మరుగుదొడ్డిలో నీళ్ళ గొట్టం ఉండదు. ఒక మగ్గు పెట్టెలో పెట్టుకోండి. నవ్వుకోకండి, అక్కడికి వెళ్ళాక మమ్మల్ని తలచుకుంటారు.

తాళంచెవులు ఇచ్చేటప్పుడు 'ఎతా దె లియో' అనే కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఇంట్లో ఏ వస్తువు ఎలా ఉన్నదో తెలిపే జాబితా అది. ప్రయాణ బడలికలో చదవకుండా సంతకం పెట్టాలనిపిస్తుంది. మేము అరగంట నిలబడి ప్రతి గది చూశాం, ఫొటోలు తీశాం. భోజనబల్ల మీద ఒక కాలిన మచ్చ ఉంటే దాన్ని కాగితంలో రాయించాం. ఖాళీచేసే రోజున యజమాని తరఫున వేరే మనిషి వచ్చింది. ఆ మచ్చ చూపించి, మేము డిపాజిటుగా ఉంచిన సొమ్ములో 180 యూరోలు పట్టుకుంటానంది. నాయనమ్మగారికి భాష తెలియకపోయినా ఆవిడ వేలు ఎటు చూపిస్తున్నదో అర్థమైంది. ఇంటికి దొంగతనం అంటగట్టినంతగా ముఖం మాడిపోయింది. మేము కాగితం తీసి ఆ వాక్యం చూపించాం, మొదటిరోజు ఫొటో చూపించాం. ఆవిడ రెండుసార్లు చదువుకుని, సరేనని తాళంచెవులు తీసుకుంది. డిపాజిటు పూర్తిగా తిరిగివచ్చింది. కాగితంలో ఆ ఒక్క వరుస లేకపోతే మా మాట ఎవరు వింటారు?

ఇక భోజనం. ఇంట్లో వండుకునే వీలుంది గదా అని వారమంతా అన్నం పప్పుతో గడపడం మాకు సమ్మతం కాదు. అంత దూరం వెళ్ళి ఆ ఊరివాళ్ళతో ఒక బల్ల దగ్గర కూర్చోకపోతే ఆ ఊరు చూసినట్టు కాదు. మేము మధ్యాహ్నం బయట, రాత్రి ఇంట్లో అని నియమం పెట్టుకున్నాం. దీనికి కారణాలున్నాయి. అక్కడ మధ్యాహ్న భోజనం 12 నుండి 2 వరకే పెడతారు. రాత్రి భోజనం 7 దాటితేగాని మొదలుకాదు, రెండు గంటలు సాగుతుంది. షుగరు మాత్రలు వేసుకునేవారికి, పసిబిడ్డలకు అది కుదిరే వేళ కాదు. పైగా అదే వంటశాల మధ్యాహ్నం 'ఫోర్ముల్' పేరుతో రెండు వంటకాలు కలిపి తక్కువ ధరకు ఇస్తుంది. 15 నుండి 20 యూరోలలో మంచి భోజనం దొరుకుతుంది.

రెండు దాటితే మాత్రం కష్టమే. ఒకరోజు మేము ఆనెసీ నుండి తిరిగి వస్తుంటే రైలు ఆలస్యమై, స్టేషనులో దిగేసరికి రెండున్నర అయింది. వరుసగా మూడుచోట్ల, వంట ముగిసిందని మర్యాదగా చెప్పి తలుపు దగ్గరే నిలిపారు. నాయనమ్మగారికి చెమటలు పోస్తున్నాయి. చేతిసంచిలోని బిస్కెట్లు పెట్టి, 'బ్రాసరీ' అనే బోర్డు వెతికాం. బ్రాసరీలలో చాలావాటిలో 'సెర్విస్ కోంతిను' అని రాసి ఉంటుంది, మధ్యలో ఆపకుండా వడ్డిస్తామని అర్థం. వేడి ఉల్లిపాయల సూపు, రొట్టె వచ్చాక ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. షుగరు ఉన్నవారు ఆ రెండు మాటలు కాగితం మీద రాసుకుని జేబులో ఉంచుకోవాలి.

లోపలికి వెళ్ళగానే 'బోంజూర్' అనండి. అనకుండా నేరుగా కావలసింది అడిగితే అక్కడివారికి అది మొరటుతనం. 'మెన్యూ' అంటే మన అర్థంలో వంటకాల పట్టీ కాదు, నిర్ణయించిన ధరకు ఇచ్చే పూర్తి భోజనం. పట్టీని 'కార్త్' అంటారు. 'ఆంత్రే' అంటే భోజనానికి ముందు తినేది. బల్ల మీదికి రొట్టె ధర లేకుండా వస్తుంది, అయిపోతే మళ్ళీ తెస్తారు. ఏమి తాగుతారని అడిగినప్పుడు మొహమాటానికి సీసా నీళ్ళు చెప్పనక్కరలేదు, వైను అసలే చెప్పనక్కరలేదు. 'యున్ కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్ళు కూజాలో ఉచితంగా తెస్తారు. ఉచితంగా నీళ్ళిస్తామని రాసిపెట్టాలని 2022 జనవరి నుండి చట్టం కూడా ఉంది. వైను ముట్టని మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. ప్రార్థన చేసుకుని తల ఎత్తేదాకా వడ్డించే అబ్బాయి పళ్ళెం చేతబట్టుకుని ఆగాడు.

లియోన్‌లో 'బుషోన్' అనే చిన్న భోజనశాలలున్నాయి. బల్లలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడ చేపతో చేసే 'కెనెల్' పిల్లలకు మెత్తగా నచ్చింది. 'సెర్వెల్ ద కాన్యు' అంటే నేతగాడి మెదడు అని అర్థం గాని, అది ఆకుకూరలు కలిపిన మెత్తని జున్ను మాత్రమే. 'తాబ్లియే ద సాపర్' చూసి నాయనమ్మగారు ఆశ్చర్యపోయారు. అది బోటీ! రొట్టెపొడి అద్ది వేయించినది. "కారం లేదుగాని, శుభ్రం మాత్రం మనకంటే బాగా చేశారు" అని తీర్పు చెప్పి పళ్ళెం ఖాళీచేశారు. 'ఆందుయెత్' మాత్రం పంది పేగుల సాసేజి, వాసన ఘాటు, తెలిసి అడగండి. ఆ ఊరి వంటకు పేరు తెచ్చినవారు ఇళ్ళలో వంటమనుషులుగా పనిచేసిన స్త్రీలు. వారిలో ఒకరైన యూజెనీ బ్రజియే 1921లో సొంతంగా భోజనశాల తెరిచి, 1933 నాటికి రెండు భోజనశాలలకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు సంపాదించారు.

బిల్లు అడగనిదే తేరు. తేకపోవడం మర్యాద, లేవమని చెప్పినట్టు కాకూడదని. 'లదిసియోన్' అంటే తెస్తారు. పన్ను, వడ్డన రుసుము ధరలోనే కలిసి ఉంటాయి. టిప్పు ఇష్టమైతేనే. మిగిలింది పొట్లం కట్టివ్వమని అడగడానికి సిగ్గుపడవద్దు. అడిగినవారికి డబ్బా ఇవ్వాలని 2021 జూలై నుండి అక్కడ చట్టమే ఉంది. మా నాయనమ్మగారు రెండుసార్లు కట్టించారు; రాత్రి వేడిచేసి, ఆవకాయ నంజుకుని తిన్నారు.