ముందు కుళాయి, తర్వాత కారవాన్

మా బండి ఎక్కడ ఆపినా నలుగురు చేరి లోపలికి తొంగిచూస్తారు. టీవీ ఎన్ని అంగుళాలు, ఏసీ ఉందా, బాత్రూమ్ ఉందా అని అడుగుతారు. బరువెంత అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది నిజానికి అదే.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గది చూసుకుంటూ రిటైరైన మనిషిని. రెండేసి ఓల్టుల సెల్స్ ఇరవై నాలుగు వరసగా పేర్చి, 48 ఓల్టులు ఎప్పుడూ పడిపోకుండా కాపలా కాయడమే నా ఉద్యోగం. ఇప్పుడు మా ఆవిడా నేనూ ఒక చిన్న వ్యాన్‌లో ఊళ్లు తిరుగుతున్నాం. సెకండ్ హ్యాండ్ బండి. ఆర్‌సీలో మోటార్ కారవాన్ అని రాసి ఉన్నదే కావాలని వెతికి కొన్నాం. మామూలు వ్యాను తెచ్చి ఆటోనగర్‌లో సీట్లు పీకించి మంచం వేయిస్తే చాలదా అని చుట్టాలు అన్నారు. చాలదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. మోటార్ కారవాన్లకు ఏఐఎస్ 124 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. కాగితం సరిగా లేని బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ల ముందు నోరు పెగలదు.

కాగితం బాగానే ఉంది, లోపల పని మాత్రం ఇంటి వడ్రంగం. అంతకుముందు ఓనరు ఇళ్లకు ఇంటీరియర్స్ చేసేవాళ్ల చేత చేయించుకున్నాడు. పద్దెనిమిది ఎంఎం ప్లైవుడ్, దానిమీద మైకా, అంచులకు బీడింగు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల షీటు ఆ మందంలో ముప్పై కిలోలు దాటుతుంది. మంచం, అరలు, వంటగట్టు, తలమీద డబ్బాలు అన్నీ కలిపి అలాంటివి ఎన్ని పట్టి ఉంటాయో లెక్క వేసుకోండి. ఇంట్లో గోడ కదలదు కాబట్టి అక్కడ బరువు లెక్కలోకి రాదు. రోడ్డుమీద ప్రతి గుంతలోనూ ఆ బరువు కమాన్ పట్టీల మీద పడుతుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీద పడుతుంది.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. నీళ్లు, గ్యాసు, బట్టలు, బియ్యం అన్నీ నింపుకుని, ఇద్దరూ ఎక్కి, లారీ కాటాకు వెళ్లండి. ముందు చక్రాలు మాత్రం కాటా మీదికి ఎక్కించి ఒక తూకం, మొత్తం బండి ఎక్కించి ఇంకో తూకం. రెండు చీటీలూ ఆర్‌సీలో ఉన్న గ్రాస్ వెయిట్ పక్కన పెట్టుకుని చూడండి. మొత్తం సరిపోయినా సంబరపడకండి. వెనక ఇరుసుకు అవతల బరువెక్కువైతే ముందు భాగం తేలిపోయి స్టీరింగు పట్టు తప్పుతుంది. మా బండిలో నీళ్ల ట్యాంకు అచ్చంగా అక్కడే, తోక చివర ఉండేది. అరవై లీటర్లంటే అరవై కిలోలు. దాన్ని రెండు ఇరుసుల మధ్యకు తెప్పించడానికి మంచం కింద పెట్టె మొత్తం రంపంతో కోయాల్సి వచ్చింది. ఎక్కడా ఒక్క స్క్రూ లేదు, అంతా జిగురు. నీళ్ల మోటారు ఆ పెట్టె వెనకే ఉంది. అది పాడైతే చెయ్యి పెట్టే దారే లేదు. ఎన్నేళ్లయినా పాడవదని అనుకున్నారో, పాడయ్యేలోపు అమ్మేయొచ్చని అనుకున్నారో మరి.

ఇప్పుడు మా బండిలో జిగురు పని లేదు. పన్నెండు ఎంఎం ప్లై, అల్యూమినియం చట్రం, ప్రతి పలకకూ స్క్రూలు. ఒక్క స్క్రూ డ్రైవరుతో ఏ మూలకైనా చెయ్యి చేరాలి. బరువు తగ్గించే పనిలో మా ఆవిడ చిన్న రోలు మీద కన్నేశాను. "ఏమండీ, ముందు మీ టూల్ బాక్సు కాటా మీద పెట్టండి, తర్వాత నా రోలు సంగతి చూద్దాం" అంది. టూల్ బాక్సు సగమైంది. రోలు ఇప్పటికీ బండిలోనే ఉంది.

బ్యాటరీ విషయంలో నాకు కొంచెం చాదస్తం ఉంది, ఉద్యోగం అంటించిన జబ్బు. ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోల పైమాటే, పైగా సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఫాస్ఫేటు రకం, నూరు ఆంపియర్ అవర్లది, పన్నెండు పదమూడు కిలోలు. 1,280 వాట్ అవర్లు నిలవుంచుతుంది, దాదాపు అంతా వాడుకోవచ్చు. మా చిన్న ఫ్రిజ్జు నలభై ఐదు వాట్లది. మన వేడికి రోజులో సగంసేపు ఆడుతుంది, అంటే 540. ఫ్యాను రాత్రంతా తిరిగితే 250. లైట్లు, ఫోన్లు కలిపి ఇంకో వంద. తొమ్మిది వందల లోపే. రెండు వందల వాట్ల సోలార్ పలక మంచి ఎండలో ఏడెనిమిది వందలు ఇస్తుంది, మిగతాది బండి నడుస్తుంటే ఆల్టర్నేటరు నుంచి వస్తుంది. చిక్కల్లా ఎక్కడంటే, బండిలో మనుషులకు చింతచెట్టు నీడ కావాలి, పలకకు నడిఎండ కావాలి. అందుకని మా పలక బండి నెత్తిన లేదు. మడతపెట్టే రకం కొని, పది మీటర్ల తీగతో ఎండలో నిలబెడతాను.

ఏసీ గురించి అడిగేవాళ్లకు లెక్కే చెబుతాను. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లు లాగితే నా బ్యాటరీ గంటకు కాస్త అటూ ఇటూ. రాత్రంతా కావాలంటే అలాంటివి అరడజను మోయాలి, లేదా పక్కవాళ్ల నిద్ర చెడగొడుతూ జనరేటరు పెట్టాలి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో వ్యాన్‌లో పడుకోవాలని ముచ్చటపడే మనిషికి నా దగ్గర ఉపాయం లేదు. ఆ నెలలో మేం ఇంట్లోనే ఉంటాం.

బ్యాటరీ కంటే నేను ఎక్కువ భయపడేది దాని దగ్గరి నట్లకు. పన్నెండు ఓల్టుల మీద పెద్ద ఇన్వర్టరు పనిచేస్తే తీగలో నూరు ఆంపియర్లు పారుతుంది. గుంతల రోడ్డు కుదుపులకు తీగ చివరి లగ్గు దగ్గర నట్టు కొంచెం వదులైందనుకోండి. అక్కడ ఓమ్‌లో నూరోవంతు నిరోధం చాలు, వంద వాట్ల వేడి పుడుతుంది. వీధి చివర రేడియోలు బాగుచేసే కుర్రాడి సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లది. అలాంటివి నాలుగు మంచం కింద పెట్టుకుని పడుకున్నట్టు. అందుకే ఘాట్ రోడ్డు దిగి ఆగిన ప్రతిసారీ ఇన్వర్టరు కాసేపు నడిపి, ఆపి, లగ్గుల మీద వేలి వెనకభాగం ఆనించి చూస్తాను. వెచ్చగా తగిలితే విప్పి, గీకి, స్ప్రింగ్ వాషరు వేసి బిగిస్తాను. ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఉండాలి. తీగ రెండో చివర పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆ ఫ్యూజు ఎందుకూ కొరగాదు.

గ్యాసు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే నేలమీదే పేరుకుంటుంది. సిలిండరు పెట్టె అడుగున కిందికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, లోపలి గదికి సందు ఉండకూడదు, లీకు పట్టే అలారం కాలిమడమ ఎత్తులో ఉండాలి. మేం ఐదు కిలోల సిలిండరుతో బండి బయటే వండుకుంటాం. ఇక టైర్లు. బండి ఏడాదిలో సగంరోజులు నిలబడే ఉంటుంది కాబట్టి అరిగేలోపే ముసలివైపోతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. గాట్లు ఎంత లోతుగా కనబడినా ఐదారేళ్లు దాటినవాటితో శ్రీశైలం ఘాట్ ఎక్కను.

ఇంత చదివాక ఎవరైనా అడగొచ్చు, అంత బరువు గురించి బాధపడేవాడివి అరవై లీటర్ల నీళ్లు ఎందుకు మోస్తున్నావని. నా గోడంతా అక్కడే ఉంది. దారిలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. వాడిన నీళ్లు ఎక్కడ వదలాలో అసలే తెలియదు. పాత్రలు కడిగిన నీళ్లు కింద ఇంకో ట్యాంకులో చేరతాయి, అంటే ఆ బరువు మనల్ని వదిలిపోదు. మరుగుదొడ్డి ఇంకా పెద్ద తంటా. కొందరు మందు కలిపే క్యాసెట్ రకం వాడతారు. ఇరవై లీటర్ల డబ్బా నిండితే మురుగు కాలువ మూత తెరిచి పొయ్యాల్సిందే. మేం ఒకటీ రెండూ విడగొట్టే పొడి రకం పెట్టుకున్నాం, కోనసీమ నుంచి ఐదు కిలోల కొబ్బరిపొట్టు దిమ్మలు తెచ్చుకుంటాం. వాసన రాదు, నీళ్లు అక్కర్లేదు. అయినా చివరికి ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఎవరూ చూడకుండా పొలం గట్టున పారబోసేవాళ్లను చూశాను. చూసి ఊరుకున్నానని కాదు, వెళ్లి అడిగాను. "మరెక్కడ పొయ్యమంటారు బాబాయ్ గారూ, మీరే చూపించండి" అన్నాడు ఆ అబ్బాయి. చూపించడానికి నా దగ్గర చోటు లేదు.

ఫ్రాన్సులో చిన్న చిన్న ఊళ్లలో కూడా మున్సిపాలిటీలు ఈ బండ్ల కోసం ఒక జాగా కేటాయిస్తాయి. ఒక కుళాయి, ఒక గ్రేటింగు, మరుగుదొడ్డి డబ్బా పోసే గుంట. జర్మనీలోనూ అంతే. రిసార్టులు, ఈతకొలనులు ఏమీ ఉండవు. దారిలో నీళ్లు దొరుకుతాయని తెలిస్తే ఇరవై లీటర్లతో బయల్దేరొచ్చు. నలభై కిలోలు అక్కడే తగ్గాయి. మన దగ్గర కారవాన్ టూరిజం అనగానే సోఫాలున్న పెద్ద బస్సులు, జెండా ఊపడాలు, ఫొటోలు. 2021లో కేరళ కారవాన్ విధానం తెచ్చాక ఆ మాట మన దగ్గరా ఎక్కువగానే వినబడుతోంది. బస్సులు కొనడం సంతోషమే. కానీ ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు బండి కాదని నా అభిప్రాయం. బండ్లు మేం కొనుక్కుంటాం.

శ్రీశైలం దారిలో దోర్నాల దగ్గర అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదికి మూసి తెల్లవారుజామున ఆరుకు తీస్తారు. పులుల అడవి కాబట్టి మూయాల్సిందే, అందులో తప్పేం లేదు. ఆలస్యంగా వచ్చిన కార్లు, టెంపోలు, మాలాంటి బండ్లు రోడ్డు వారనే ఆగిపోతాయి. పిల్లలు, ముసలివాళ్లు చీకట్లో చెట్లచాటుకు వెళతారు. అలాంటి చోట ఒక కుళాయి, సెప్టిక్ ట్యాంకుకు కలిపిన ఒక మూతగుంట, ఒక దీపం ఉంటే మా బండ్లకే కాదు, ఆ కార్లవాళ్లకూ పనికొస్తాయి. పర్యాటక శాఖ హరిత హోటళ్లలో పార్కింగు జాగా, నీళ్లు, సెప్టిక్ ట్యాంకు ముందే ఉన్నాయి. కొత్తగా కట్టాల్సింది ఒక పైపు, ఒక మూత, గది తీసుకోకపోయినా బండి ఆపుకోవచ్చని ఒక బోర్డు. రాత్రికి రెండు వందలు పెట్టినా ఎవరూ గొణగరు.