నాల్గవ గోడ కూలిన పిదప

నాటకశాలలో మూడు గోడలు కంటికి కనబడును. నాల్గవది ఊహలో నుండును. ఫ్రెంచి రచయిత దిదెరో 1758లో నాటకకళను గూర్చి వ్రాయుచు, రంగస్థలపు అంచున ఒక గోడ గలదని భావించి, ప్రేక్షకులు లేనట్లే నటింపవలెనని చెప్పెను. ఆ గోడను కూల్చి పాత్ర సూటిగా ప్రేక్షకునితో సంభాషించుట నేడు గొప్ప నవ్యతగా ఎన్నబడుచున్నది. తెలుగువారి కది వింత గాదు. సంస్కృత నాటకమున సూత్రధారుడు ముందుగా వచ్చి, ఆడబోవునది నాటకమని ప్రకటించిన పిదపనే కథ నడచును. బుర్రకథలోని హాస్యగాడు వీరరసము నడుమ ఊరి సంగతు లెత్తి నవ్వించును. అంతమాత్రమున కథ చెడలేదు.

కావున గోడ కూలినంతనే రచన గొప్పది కాజాలదు. కూల్చుటవలన కలిగిన ప్రయోజన మేమి? వీడియో గేములను గూర్చి నేడు వేయవలసిన ప్రశ్న ఇదియే. వానిని కాలక్షేపమని త్రోసివేయు ఉపాధ్యాయులును, అందలి ప్రతి చమత్కారమును మహాకళ యని మురియు విద్యార్థులును దీనిని విస్మరించుచున్నారు.

1998లో జపాను దేశీయుడు హిదియో కొజిమా రూపొందించిన ‘మెటల్ గేర్ సాలిడ్’లో సైకో మాంటిస్ అను ప్రతినాయకుడు తాను పరుల మనస్సు చదువగలనని చెప్పి, ఆటగాని మెమరీ కార్డును పరికించి, అతడు పూర్వ మాడిన ఇతర ఆటల ప్రసక్తి తెచ్చును. కంట్రోలరును నేలపై నుంచుమని, దానిని తన శక్తిచేతనే కదలించినట్లు అదరజేయును. చమత్కారము ముచ్చటైనదే, కాని అది ఆశ్చర్యముతో ముగియును.

2015లో అమెరికాలో టోబీ ఫాక్స్ రచించిన ‘అండర్‌టేల్’ వేరు మార్గమున నడచినది. అందు ఎవ్వరిని జంపకయే కథ ముగింపవచ్చును. తొలి ఘట్టముననే టోరియెల్ అను తల్లివంటి పాత్ర ఆటగానిని ఆదరించును. తెలియక ఆమెను జంపినవాడు పశ్చాత్తాపముతో వెనుకకు మరలి, ఆట మరల నాడి, ఆమెను బ్రతికించుకొనవచ్చును. అంతట ఫ్లవీ అను పువ్వు ఎదురై, అతడు మొదట చేసిన హత్యను, దానిని చెరిపివేయుటకు చేసిన యత్నమును బయటపెట్టును. ఆట మరల మొదలైనది. చేసిన పని మాత్రము మాసిపోలేదు.

ఇచ్చటనే అసలు భేద మున్నది. సూత్రధారుని మాట ప్రేక్షకునకు ఊరట. చూచునది నాటకమే యని అది గుర్తుచేయును. దుర్యోధనుని దుష్కృత్యమునకు ప్రేక్షకుడు బాధ్యుడు కాడు. ఆటలో మీట నొక్కినది ఆటగాని వ్రేలు. గోడ కూలిన పిదప వినవచ్చు మాట “ఇది కథ” యని కాదు, “ఇది నీవు చేసినది” యని. ప్రాచీన రంగస్థలమునకు లేని శక్తి ఇది.

ఆ శక్తి దుర్వినియోగమగుటయు గలదు. 2012లో వెలువడిన ‘స్పెక్ ఆప్స్: ది లైన్’లో తెల్లభాస్వరమును ప్రయోగించిన గాని కథ ముందునకు సాగదు. అమాయకులు మరణించిన పిదప ఆట ఆటగానినే దెప్పిపొడుచును. దారి యొక్కటే చూపి, నడచినవానిని నిందించుట న్యాయమా? ఆటను మూసివేసి లేచిపోవుటయే రెండవ దారి యని కొందరు సమర్థింతురు. కాని, పుస్తకము మూయుమని చెప్పుటకే పుస్తకము వ్రాయుట సాహిత్య ధర్మము కాదు. ఎన్నిక లేనిచోట పాపము లేదు. పాపము లేనిచోట పశ్చాత్తాపము నటనయే.

కావున తరగతిలో ఒక విద్యార్థి ఇట్టి ఆటను ప్రశంసించినపుడు ఉపాధ్యాయుడు విసుగుకొన నక్కరలేదు. రెండు ప్రశ్న లడిగిన చాలును: “ఆట నీకు వేరు దారి యిచ్చినదా? నీవు చేసినదానిని గుర్తుంచుకొన్నదా?” రెంటికిని ఔనని సమాధానము వచ్చినచో, అచ్చట కథాకళ యొకటి పెరుగుచున్నదని గ్రహింపవచ్చును. లేనిచో, కూలినది అట్టగోడ మాత్రమే.