పాట చెడేది ఎక్కడ?

కంప్యూటర్లో పాటలు వింటే "ఆ ఫీల్ రాదండీ" అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఒక్కొక్కళ్ళతో విడివిడిగా వాదించే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. నా మట్టుకు, ఇంట్లో ఉన్న వస్తువులన్నిట్లోకీ పాటని ఉన్నదున్నట్టు అందించగలిగేది కంప్యూటరే. అదేదో గొప్పగా పాడుతుందని కాదు. లోపల ఏం జరుగుతోందో మనం తనిఖీ చేసుకోవచ్చు, అందుకు. వేలు పోసి కొన్న పెట్టెకి ఆ సుఖం లేదు, అమ్మినవాడు చెప్పింది నమ్మాల్సిందే.

సీడీలో పాటంటే ఏవిటి? సెకనుకి 44,100 సార్లు, కుడికొకటీ ఎడమకొకటీ, 16 బిట్లలో రాసిపెట్టిన అంకెలు. సెకనుకి 1411 కిలోబిట్లు. ఈ అంకెలు ఒక్కటీ మారకుండా డాక్ దాకా (అంటే అంకెల్ని కరెంటుగా మార్చే చిప్పు దాకా) చేరితే కంప్యూటర్ పని అయిపోయినట్టే. మంచి యూఎస్‌బీ కేబుల్ వేస్తే వీణ తియ్యగా, మామూలుది వేస్తే చప్పగా వినబడుతుందని చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అంకెలు దారిలో పోతే టక్కుమనో, ఆగి ఆగో వినబడుతుంది. అంతేగానీ గాయకుడి గొంతు కాస్త మెత్తబడటం లాంటివి ఉండవు. ఆ డబ్బుతో స్పీకర్లకి మంచి స్టాండ్లు కొనుక్కోవచ్చు.

మరి పాట చెడేదెక్కడ? చాలాసార్లు మొట్టమొదటి మెట్టులోనే, సీడీ నుంచి ఫైలు తీసేటప్పుడు. మనలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా గమనించని తేడా ఒకటుంది. డేటా సీడీలో తప్పులు దిద్దే ఏర్పాటు ఒక పొర ఎక్కువ ఉంటుంది. అయినా చదవలేకపోతే డ్రైవు నిజాయితీగా ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఆడియో సీడీలో ఆ అదనపు పొర లేదు. గీత పడ్డచోట చదవలేకపోతే డ్రైవు అటూ ఇటూ ఉన్న విలువలు చూసి మధ్యలో ఉజ్జాయింపుగా ఒకటి నింపేసి, ఏమీ జరగనట్టు ముందుకెళ్ళిపోతుంది. ప్లేయర్లో వేసి వినడానికి అది మంచి గుణమే. కాపీ తీసి దాచుకోవడానికి మాత్రం ఘోరం.

అందుకే సీడీని డ్రాగ్ అండ్ డ్రాప్ చేసేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు సెక్యూర్ మోడ్‌లో ప్రతి ముక్కనీ కనీసం రెండుసార్లు చదివి, రెండూ కలవకపోతే మళ్ళీ మళ్ళీ చదువుతుంది. తర్వాత ఆక్యురేట్ రిప్ అనే డేటాబేసులో అదే సీడీని ఇంతకుముందు తీసినవాళ్ళ చెక్‌సమ్‌తో పోల్చి చూసుకోవచ్చు. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి తీసిన కాపీ, మనం తీసిన కాపీ బిట్టు బిట్టుకీ కలిస్తే అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! మన సీడీలకి అందులో జోడీ దొరక్కపోతే రెండుసార్లు తీసి మనమే పోల్చుకోవాలి. నేను నాన్న కొన్న త్యాగరాజ కీర్తనల సీడీలు అలాగే తీశాను. ఒక్కో గీతల సీడీకి గంటా గంటన్నర పట్టేది. రాత్రి బిల్డ్ పెట్టి పడుకున్నట్టు అది పెట్టి పడుకోవడమే.

దాచేది ఫ్లాక్‌లో. 2001లో వచ్చిన ఫార్మాట్ ఇది, ఉచితం, పైగా ఏ అంకే పోదు. గంట సీడీ 635 ఎంబీ ఉంటే ఇందులో దరిదాపు 350కి దిగుతుంది. ఒక్క టెరాబైటులో రెండున్నర వేల సీడీలు పడతాయి, ఇంకా ఎంపీ3లో పొదుపు చేసేదేముంది? నాకు ఫ్లాక్‌లో బాగా నచ్చింది మాత్రం, అసలు అంకెల ఎండీ5 ఫైలు లోపలే రాసి ఉంటుంది. పదేళ్ళ తర్వాత హార్డ్ డిస్కు ఎక్కడైనా ఒక బిట్టు తినేసినా టెస్ట్ కమాండ్ ఒకటి కొడితే పట్టేసుకోవచ్చు.

అన్నట్టు, ఒకప్పుడు బస్టాండుల్లో అమ్మిన "150 పాటల" ఎంపీ3 సీడీల్ని ఫ్లాక్‌గా మార్చి మురిసిపోయేవాళ్ళున్నారు. రుబ్బేసిన పప్పు మళ్ళీ గింజలవుతుందా? ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ చూస్తే తెలిసిపోతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కచేరీ సీడీలకి ఎంపీ3తో ఇంకో బాధ. అది పాటని 1152 శాంపిళ్ళ ముక్కలుగా తీసుకుంటుంది కాబట్టి మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది. ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఇంకో ట్రాకు అయి, ప్లేయరుకి ఆ ఖాళీని తీసేయడం తెలియకపోతే, తంబురా మధ్యలో తెగుతుంది. ఒకసారి చెవిన పడ్డాక ఇక దాన్ని పట్టించుకోకుండా ఉండటం నా వల్ల కాలేదు.

ఇకపోతే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో మామూలుగా అన్ని ప్రోగ్రాముల శబ్దమూ ఒక మిక్సర్లో కలుస్తుంది. ఆ మిక్సర్ 48,000 మీద ఉంటే మీ 44,100 పాట రేటు మారి బయటికొస్తుంది. విస్టా నుంచి ఎక్స్‌క్లూజివ్ మోడ్ అని ఉంది. ఫూబార్2000 లాంటి ప్లేయర్లో అవుట్‌పుట్ దగ్గర అది ఎంచుకుంటే మిక్సర్ పక్కకి తప్పుకుంటుంది. లినక్స్‌లో ఇప్పుడు పైప్‌వైర్ కూడా మామూలుగా 48,000 మీదే నడుస్తుంది. అనుమతించే రేట్లలో 44,100ని చేర్చాలి. నిజంగా ఏ రేటు పోతోందో ఆల్సా ఇచ్చే సమాచారంలో కళ్ళారా చూసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఇప్పటి రీశాంప్లింగ్ చెవికి తెలిసేంత చెడ్డదేం కాదు. చెవికి తెలిసేది "ఎన్‌హాన్స్‌మెంట్స్" పేరుతో సౌండ్ డ్రైవరు చేసే అఘాయిత్యం. ముందు వాటన్నిటి టిక్కులూ తీసేయండి.

ఇంత చేశాక మన మిత్రులు 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అంటూ బయల్దేరతారు. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో ఒక ప్రయోగం ప్రచురించారు. హై రిజల్యూషన్ పాటకి మధ్యలో సీడీ స్థాయి వడపోత పెట్టి, అది ఉందో లేదో చెప్పమన్నారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఆ ప్రయోగం మీద వాదనలు లేకపోలేదు గానీ, 16 బిట్లంటే 96 డెసిబెల్స్ పరిధి. మన ఇళ్ళల్లో పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతూ, వంటింట్లో కుక్కర్ కూస్తూ, కింద కూరగాయల బండివాడు మైకులో అరుస్తుంటే అందులో సగమైనా వాడుకుంటున్నామా? 24 బిట్ల డాక్ వల్ల నాకు తెలిసిన లాభం ఒకటే. వాల్యూమ్‌ని సాఫ్ట్‌వేర్లో 48 డెసిబెల్స్ దాకా తగ్గించినా అసలు 16 బిట్లు పోవు.

డాక్ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఆపిల్ వాడు అమెరికాలో 9 డాలర్లకి అమ్మే ఆ తోక లాంటి యూఎస్‌బీ-సీ అడాప్టరు చాలామంది హెడ్‌ఫోన్లకి సరిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే స్పీకర్ల మీద పెట్టండి, ఇంకా మిగిలితే గదిలో దళసరి కర్టెన్ల మీద. స్పీకర్లలో గుయ్యిమని మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది డాక్ తప్పు కాదు, ఎర్త్ దగ్గరి గొడవ. ఆప్టికల్ కేబుల్లో నడిచేది వెలుగు కాబట్టి దానితో కలిపితే ఈ మోత దాటదు. ఫ్లాక్ ఫైళ్ళు బ్లూటూత్‌లో విని "అబ్బ, లాస్‌లెస్ లాస్‌లెస్సే" అనేవాళ్ళని మాత్రం ఏం చేయలేం. ఎల్‌డాక్ కూడా 990 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది :)

"ఇప్పుడు స్ట్రీమింగ్‌లోనే లాస్‌లెస్ వస్తోంది కదా, ఈ తంటా ఎందుకు?" అంటారు. నిజమే, అమెజాన్ 2019లో, ఆపిల్ 2021లో, స్పాటిఫై 2025లో మొదలుపెట్టాయి. అంకెలు సరిగ్గా వస్తాయి, ఏ అంకెలు వస్తాయన్నదే ప్రశ్న. పాత పాటకి బుసబుస పోగొడతామని తంబురా నాదం కూడా తుడిచేసి, గట్టిగా వినబడాలని అన్నీ ఒకే ఎత్తుకి లాగేసిన కాపీని లాస్‌లెస్‌గా పంపితే మనకొచ్చేది నిక్షేపమైన చెత్త. దాన్ని మా ఇంట్లో ఉన్న సీడీతో పోల్చి చూసే వీలు నాకుంది కాబట్టి తేడా తెలిసింది. సీడీ లేనివాడికి అదే అసలు పాట.

ఇంకోటి, పేర్లు. తెలుగు పాటకి హీరో పేరు కనబడుతుంది, ఆల్బమ్ పేరు కనబడుతుంది, రాసినవాళ్ళ పేరు వెతికితే గానీ కనబడదు. ఘంటసాల పేరు ఒక్కటే ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో నలుగురు గాయకులైపోతుంది. పాత ఎంపీ3 ట్యాగులో పాట పేరుకి 30 బైట్లే. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు, పైగా గుణింతానికీ ఒత్తుకీ విడిగా లెక్క. మూడు నాలుగు మాటలైనా పట్టవు. ఫ్లాక్‌లో అలాంటి ఇరుకు లేదు. రచయిత, సంగీతం, రాగం, తాళం, పక్కవాద్యాలు, మీకేది కావాలంటే ఆ గడి మీరే చేర్చుకోవచ్చు, విలువ తెలుగులోనే రాసుకోవచ్చు. నేను తోడి అని వెతికితే మా ఇంట్లో ఉన్న తోడి రాగాలన్నీ వరసగా వస్తాయి. ఈ ఒక్క సౌకర్యం కోసం ఆ ట్యాగులన్నీ చేత్తో కొట్టాను, రెండు వేసవులు పట్టింది.

మీ ఇంట్లో అటక మీద ఆడియో సీడీల డబ్బా ఉంటే ఇప్పుడే దింపండి. కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ డ్రైవు ఎలాగూ ఉండటం లేదు, బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవు దొరుకుతున్నప్పుడే ఒకటి కొనుక్కోండి. సీడీని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. వెండిపూతలో సూదితో పొడిచినట్టు చుక్కలు కనబడితే దాన్ని పక్కన పెట్టి, ముందు దాంతోనే మొదలుపెట్టండి. సినిమా హిట్లు తర్వాత చూసుకోవచ్చు, అవి ఎక్కడో అక్కడ దొరుకుతాయి. స్థానికంగా ఎవరో వెయ్యి కాపీలు వేసి వదిలేసిన హరికథలూ, నాదస్వరం కచేరీలూ, నాటకం పద్యాలూ ముందు తియ్యండి. తీసినవి రెండు డిస్కుల మీద పెట్టి, రెండోది మీ చెల్లెలింట్లోనో తమ్ముడింట్లోనో ఉంచండి.